కుళ్ళునెలకు ముందటి శనివారం

కివిసాల్మి జలసంధికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో ఏ మగవాడు చొక్కా విప్పినా వీపు మీద లోవీస పెట్టిన గాట్లు కనిపించేవి. వాడు స్వీడన్ రాజుకు పన్ను కట్టేవాడా, రష్యా మహారాణికి కట్టేవాడా అన్నది వీపు చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. సరిహద్దు గీసిన పెద్దలు ఎక్కడో మేడలో కూర్చుని సరస్సు మధ్యలోంచి గీసేశారు. వాళ్ళకు ఒక్కరికైనా ఇక్కడ బంధువులు లేరు కాబట్టి గీత తిన్నగానే వచ్చింది. మనవాళ్ళకు మాత్రం మేనత్త ఒక రాజ్యంలో, ఆవిడ చేపల వల ఇంకో రాజ్యంలో మిగిలాయి.

లోవీస కొమ్ములు వేసే మనిషి. సౌనా అనే ఆవిరిగదిలో బాగా చెమట పట్టించి, మెత్తబడ్డ వీపు మీద ఆవుకొమ్ము బోర్లించి, కొమ్ము సన్నటి కొస నోట పెట్టుకుని గాలి లాగేది. చర్మం బన్నులా ఉబ్బాక చిటికెన వేలంత గొడ్డలితో టకటకా గాట్లు పెట్టి, మళ్ళీ కొమ్ము బిగించేది. ఒంట్లో పేరుకున్న చెడ్డనెత్తురు నల్లగా దిగిపోయేది. తలనొప్పి, నడుంనొప్పి, పంటినొప్పి, అత్తగారి మీద కోపం, అన్నిటికీ అదే వైద్యం. దిగిన తర్వాత మాత్రం ఒక్కటే నియమం. ఆ రోజూ మర్నాడూ కొడవలి పట్టకూడదు, తెడ్డు పట్టకూడదు, బరువెత్తకూడదు. మజ్జిగ తాగి, రై రొట్టె తిని, పడుకోవాలి. ఎంత పనిరాక్షసి అయిన పెళ్ళామైనా ఆ రెండు రోజులు మొగుణ్ణి లేపేది కాదు.

ఈ వైద్యానికి ఒక గడువుంది. జూలై నెలాఖరులో కుళ్ళునెల వస్తుంది. ఆ నెలలో పాలు పొయ్యి మీదకు ఎక్కకముందే విరుగుతాయి, మాంసం పొద్దున్న వేలాడదీస్తే సాయంత్రానికి పురుగు పడుతుంది, ముల్లు గీసుకున్నా చీము పడుతుంది. అప్పుడు ఒంటి మీద గాటు పెట్టించుకునే వెర్రివాడు ఉండడు. అందుకని కుళ్ళునెలకు ముందటి శనివారం లోవీస సౌనా ముందు తిరనాళ్ళలా ఉండేది.

విద్య తల్లి నేర్పింది. ఆ తల్లి పోయేనాటికి లోవీసకు పెళ్ళీడు, తమ్ముడు తాహ్వోకు ఇంకా పాలపళ్ళు ఊడలేదు. తండ్రి అంతకుముందే మంచు విరిగి సరస్సులో పోయాడు. ఆ పసివాణ్ణి చంకనేసుకునే లోవీస ఊళ్ళు తిరిగింది. కొమ్ముల సంచి ఒక భుజాన, తమ్ముడు ఇంకో భుజాన. వాడు నెత్తురు చూస్తే చాలు, కళ్ళు తేలేసి ఆమె మెడ మీదే సొమ్మసిల్లేవాడు. జనం నవ్వేవాళ్ళు. ఆమె ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని రెండో చేత్తో పని కానిచ్చేది.

పెళ్ళి మాత్రం కుదరలేదు. మనిషి బాగుంటుంది, మాట గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది. చిక్కల్లా ఊళ్ళో పెళ్ళికావలసిన మగాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆమె బల్ల మీద బోర్లాపడి అమ్మా అబ్బా అన్నవాళ్ళే. అలా అన్నవాడు మర్నాడు మీసం దువ్వుకుని ఆమె గుమ్మంలో ఎలా నిలబడతాడు? అలాగే ఆమెకు ముప్ఫై ఐదు దాటాయి. ఊరు ఆ మాట ఎత్తడం మానేసింది.

అప్పుడు ఈవరి వచ్చాడు. జలసంధి నడుమ కోటకు పిండిబస్తాలు చేరేసే పడవవాడు, రష్యన్ దండు దగ్గర ఉద్యోగం, మనిషి మనవాడే. పొడుగ్గా, నెమ్మదిగా, ప్రతి మాటనూ నోట్లో ఒకసారి నమిలి బయటపెట్టే రకం. మెడ పట్టేసిందని బల్ల మీద పడుకున్నాడు. ఆమె కొమ్ములు పెట్టింది, గాట్లు పెట్టింది, అతని నుంచి మాత్రం చప్పుడు లేదు. పోయాడేమోనని వంగి చూస్తే గురక పెడుతున్నాడు. లోవీసకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. తన చేతికింద ఇంత నిశ్చింతగా నిద్రపోయిన మగవాణ్ణి ఆమె చూడలేదు. ఆ వసంతంలో, పెళ్ళికి ముందు చర్చిలో మూడుసార్లు చదవవలసిన ప్రకటన ఒక ఆదివారం చదివారు, రెండో ఆదివారం చదివారు. మూడోసారి చదివేలోపల యుద్ధం వచ్చిపడింది.

స్వీడన్ దండు పడమటి నుంచి అడవిబాటన దిగేసరికి కోటవాళ్ళు తలుపులు మూసేశారు. పిండి దించడానికి వెళ్ళిన ఈవరి లోపలే చిక్కుకుపోయాడు. కివిసాల్మి కోట నీళ్ళ మధ్య రాతిదిబ్బ మీద ఉంది. దాని చుట్టూ ప్రవాహం ఎంత జోరుగా పారుతుందంటే నడిచలికాలంలో కూడా అక్కడ మంచు కట్టదు. లోవీస తన సౌనా మెట్టు మీద నిలబడితే కోటకు పడవలు ఆగే నీటివాకిలి ఎదురుగా కనిపించేది. అక్కడ అప్పుడప్పుడూ ఒక పొడుగాటి మనిషి వచ్చి చెయ్యి ఊపేవాడు. ఈమె కూడా ఊపేది. చుట్టూ ఫిరంగులు పెట్టుకుని ఇద్దరు నడివయసు మనుషులు అలా చేతులు ఊపుకోవడం చూసి సిపాయిలు కూడా టోపీలు ఊపడం మొదలుపెట్టారు.

అసలు తలనొప్పి వేరే ఉంది. ఆ దిగిన దండులో తాహ్వో ఉన్నాడు. నాలుగేళ్ళ కింద అవతలి రాజ్యంలో పాలేరుగా కుదిరి, అక్కడే సిపాయిగా చేరాడు. ఇప్పుడు ఎత్తూ లావూ పెరిగి, తుపాకీ భుజాన వేసుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ అక్క గుమ్మంలోకి వచ్చాడు. ఆమె ముందు తిట్టింది, తర్వాత చేపలు కాల్చి పెట్టింది, వాడు తింటుంటే పక్కన కూర్చుని వాడి జుట్టులో గడ్డిపరకలు తీసింది. తింటూ తింటూ వాడు చెప్పిన కబురు విని ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆదివారం పొద్దున్నే పడవల్లో వెళ్ళి కోట మీద పడతారట. మొదటి పడవలో వీడేనట. నీటివాకిలి వైపునుంచేనట.

"ఆ వాకిట్లో ఉండేది ఎవరో తెలుసుగా నీకు?" అంది లోవీస.

"బావే కదా. కాస్త పక్కకు తప్పుకోమని చెప్పు."

"ఎలా చెప్పమంటావురా? నా నోట్లో ఉండేది కొమ్ము, బాకా కాదు."

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఈ లోకంలో ఆమెకు ఉన్నది ఇద్దరు మనుషులు. ఆదివారం పొద్దున ఒకడు రెండోవాడి వాకిలి మీద పడబోతున్నాడు. ఈవరికి ఏమన్నా అయితే పెళ్ళి మాట అటుంచి, తమ్ముడి మొహం ఇక చూడలేకపోతుంది. తమ్ముడికి ఏమన్నా అయితే ఈవరి పక్కన పడుకోలేకపోతుంది. ఇద్దరూ దక్కితేనే ఆమెకు ఏదైనా దక్కినట్టు.

శనివారం మధ్యాహ్నం తాహ్వో దండులోని కార్పొరల్ నూత్తి వచ్చాడు. ముసలి సిపాయి, బుగ్గలు జారిపోయినవాడు. ఇంటి దగ్గర ఆరుగురు ఆడపిల్లలు, కోయకుండా వదిలొచ్చిన గడ్డి. టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"లోవీసమ్మా, ఎల్లుండి నుంచి కుళ్ళునెల."

"తెలుసు."

"మావాళ్ళందరికీ వీపులు బరువుగా ఉన్నాయంటున్నారు."

"రేపు పొద్దున్నే మీకేదో పని ఉందని విన్నానే."

"ఉంది. పోతాం. ఆజ్ఞ వచ్చాక పోకుండా ఎలా ఉంటాం?" నూత్తి సౌనా చూరు వంక చూశాడు. "కాని కుళ్ళునెల కూడా మనకోసం ఆగదు కదమ్మా."

లోవీస అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ మొహంలో ఏమీ కనిపించలేదు. మా సావో ప్రాంతపు మనిషి మనసులో మాట మొహం మీదకు రానివ్వడు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్తే ఆస్తి పోయినట్టు బాధపడతాడు. ఇది ముందే అనుకున్న పనా, నిజంగానే వీపుల బరువా అని ఆ తర్వాత ఎన్నేళ్ళు ఎంతమంది అడిగినా, ఆ దండులోని ఒక్కడూ ఇదీ అని చెప్పలేదు. అందరూ చూరు వంకే చూశారు.

ఆమె పొయ్యి రాజేసింది. ఒక్కొక్కడూ చొక్కా విప్పి బల్ల ఎక్కుతుంటే ఆమె తన వృత్తిధర్మంగా చెప్పవలసింది చెప్పింది, దిగాక రేపంతా తెడ్డు ముట్టుకోకూడదని. ఒక్కొక్కడూ తెలుసక్కా అన్నాడు. తెలిసే, రెండు కొమ్ములు ఎక్కువ వేయమని అడిగాడు. సాయంత్రానికి సౌనా ముందు గడ్డి మీద దండంతా ఎండబెట్టిన చేపల్లా బోర్లా పడుకుని ఉంది. కొందరు మజ్జిగ తాగుతున్నారు, కొందరు పాడుతున్నారు. యుద్ధం మొదలయ్యాక అంత హాయిగా గడిచిన పూట ఇంకొకటి లేదని అందరూ ఒప్పుకున్నారు.

అంతలో లెఫ్టినెంటు దొర వచ్చాడు. పట్నం కుర్రాడు, స్వీడిష్ తప్ప మన భాష రాదు, మనసు చెడ్డది కాదు. ఎర్రటి వీపుల వరస చూసి నోరు తెరిచాడు. నూత్తి లేచి నిలబడి, తువ్వాలు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో సలాము చేసి, యుద్ధానికి ముందు మావాళ్ళు ఒళ్ళు శుద్ధి చేసుకుంటారు దొరా అని తనకొచ్చిన స్వీడిష్‌లో విన్నవించాడు. దొరకు ఆ మాట ఎంతో నచ్చింది. తన సిపాయిల భక్తికి కళ్ళు చెమర్చాయి కూడా. మూణ్ణాళ్ళుగా తనకు మెడ తిరగడం లేదని చెప్పుకుని బాధపడ్డాడు. నూత్తి లోవీస వంక చూశాడు, లోవీస బల్ల వంక చూపించింది. దొరవారి వీపు తెల్లగా, మెత్తగా, ఒక్క గాటు లేకుండా ఉంది. ఆమె దానికి లోటు చెయ్యలేదు.

మిగిలింది తాహ్వో ఒక్కడే. వాడు సౌనా గోడకు ఆనుకుని తుపాకీ తుడుచుకుంటున్నాడు. తోటివాళ్ళు ఊరుకుంటారా? టర్కీ దండు మీదకైనా పోతాడు గానీ అక్క కొమ్ము కిందకు రాడని ఒకడు, వాడికి కళ్ళకు గంత కట్టండిరా అని ఇంకొకడు. లోవీస వాణ్ణి లోపలికి పిలిచింది. అందరికీ వేసిన చెయ్యి, వీడికి వెయ్యడం కోసమే ఇంతసేపూ కాచుకుని ఉంది. వీడు ఒక్కడూ రేపు మెత్తబడితే చాలు.

"నాలుగే వేస్తాను. కళ్ళు మూసుకో."

"వద్దక్కా. రేపు నేను మొదటివాణ్ణి. నా ఒంట్లో ఒక్క చుక్క కూడా తగ్గకూడదు."

"మొదటివాడివి కాకపోతే ఏమవుతుందిరా? ఎవరు కొడతారు నిన్ను?"

తాహ్వో నేల చూస్తూ చెప్పాడు. "ఆ ఊళ్ళో, ఈ ఊళ్ళో, దండులో, నన్ను కొమ్ముల లోవీస తమ్ముడనే అంటారు. మూర్ఛపోయేవాడని అంటారు. ఒక్కసారి నన్ను తాహ్వో అని పిలవాలక్కా."

ఆ మాట లోవీసకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వాణ్ణి భుజాన మోసుకు తిరిగిన రోజుల్లో జనం నవ్వుతుంటే వాడికి వినిపించదనుకుంది. వినిపించిందన్నమాట. కొమ్ములు సంచిలో పడేసి, బిర్చి చెట్టు రెమ్మల కట్ట తడిపి, చిన్నప్పుడు రుద్దినట్టే వాడి వీపు రుద్దింది. బలవంతం చెయ్యలేదు. వాడు బయటికి పోయాక మాత్రం బల్ల మీద కూర్చుని ఏడ్చింది.

ఆదివారం సూర్యుడు లేచేసరికి పడవలు నీళ్ళలో ఉన్నాయి. ఆ జలసంధి దాటాలంటే ఒకటే పద్ధతి. ఎగువకు బాగా లాక్కుపోయి, ప్రవాహానికి అడ్డంగా ఊపిరి బిగబట్టి తెడ్డు వెయ్యాలి. ఒక్క నిమిషం చెయ్యి సడలితే నీళ్ళు తమకు నచ్చిన చోటికి తీసుకుపోతాయి. దొర పథకం బాగానే ఉంది. బలమైన మనుషులుంటే పారేదే. దొర మొదటి పడవ వెనకాల పడవలో మెడ ఒక పక్కకు పెట్టుకుని నిలబడి, కత్తి పైకెత్తబోయి, సగంలో అమ్మా అని దించేశాడు. అదే సంకేతమనుకుని అందరూ బయల్దేరారు.

నాలుగు తెడ్లు వేసేసరికి గాట్లు నోళ్ళు తెరిచాయి. చొక్కాలు వీపులకు అంటుకున్నాయి. చేతులు పీచుల్లా వేలాడాయి. ఒకరి వెనక ఒకరు, మేం లాగుతూనే ఉన్నాం దొరా అని అరుస్తూ, నిజంగానే లాగుతూ, మెల్లగా దిగువకు జారడం మొదలుపెట్టారు. పడవలన్నీ ఒక వరసన, చర్చికి పోయే పెళ్ళివారిలా, కోట గోడల కింద నుంచి సాగిపోయాయి. కోట మీద రష్యన్లు తుపాకులు ఎక్కుపెట్టి, పేల్చడం మరిచి చూశారు. ఇంత నింపాదిగా దాటిపోతున్నారంటే వెనకవైపు నుంచి పడబోతున్నారని ఎవడో తెలివైనవాడు అరిచాడు. దాంతో అందరూ కట్టకట్టుకుని వెనక గోడ మీదకు పరుగెత్తారు. పోతూ పోతూ ఒక ఫిరంగి పేల్చారు. ఆ గుండు వచ్చి లోవీస టర్నిప్ మడిలో పడింది. పడవలు మాత్రం ఎక్కడా ఆగకుండా దిగువన రెల్లులోకి పోయి, మెత్తగా దిగబడ్డాయి. అందులో సగంమంది అక్కడే నిద్రపోయారు.

ఒక్క మొదటి పడవ తప్ప. దాంట్లో ఏడుగురు మెత్తబడ్డవాళ్ళు, ఒక్కడు నిండు నెత్తురువాడు. తాహ్వో కుడివైపు కూర్చుని ప్రాణం పెట్టి తెడ్డు వేస్తుంటే, ఎడమవైపు వేసేవాడు లేక పడవ బొంగరంలా తిరిగింది. ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది, మూడో తిరుగుడుకు ఏటివాలులో కొట్టుకుపోయి నేరుగా నీటివాకిట్లోకి దూరింది. ఇవతలి ఒడ్డున సౌనా మెట్టు మీద లోవీస రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు తుపాకీ ఎత్తి కేకవేస్తూ మెట్ల మీదకు దూకడం చూసింది. వాడి వెనక ఒక్కడూ దూకలేదు. ఎదురుగా ఒక పొడుగాటి మనిషి, చేతిలో అంతకంటే పొడుగాటి పడవకర్ర. తర్వాత పెద్ద నీళ్ళ చప్పుడు. ఆపైన వాకిలి నీడలో ఏమీ కనిపించలేదు.

లోపల జరిగింది ఆ ఇద్దరూ తర్వాత చెరొక రకంగా చెప్పారు. రెండూ కలిపితే తేలేది ఇది. ఈవరి కొక్కెం ఉన్న కర్రతో బావమరిది నడుంపట్టీ అందుకుని, తుపాకీతో సహా నీళ్ళలో ముంచి, మళ్ళీ చేపను తీసినట్టు తీసి మెట్ల మీద పెట్టాడు. తుపాకీ తడిసిపోయింది కనక వీడు ఎవరినీ కాల్చలేడు. ఆ చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన ఒక సార్జెంటు మాత్రం పొడి తుపాకీతోనే వచ్చాడు. ఈవరి కర్ర వదిలేసి తాహ్వోకు అడ్డంగా నిలబడ్డాడు. అతనికి వచ్చిన రష్యన్ ముక్కలు పిండికీ పడవకీ సంబంధించినవే. వాటిలో వెతుక్కుని, తన ఛాతీ చూపించి, తడిసి వణుకుతున్న వీణ్ణి చూపించి, అవతలి ఒడ్డు చూపించి, చుట్టం, పెళ్ళి, అన్నాడు. సార్జెంటుకు కూడా ఎక్కడో అక్కచెల్లెళ్ళు ఉండే ఉంటారు. తుపాకీ దించాడు. పడవలో మిగిలిన ఏడుగురూ అప్పటికే చేతులెత్తి, కాస్త మజ్జిగ దొరుకుతుందా అని అడుగుతున్నారు.

ఇవేవీ లోవీసకు తెలియదు. రెల్లులోంచి నడిచొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఆమె వెనక చేరి నిలబడ్డారు. నూత్తి ఆమె పక్కకు వచ్చి టోపీ తీశాడు. ఆమె ఒక్కసారి కూడా అతని వంక చూడలేదు. సూర్యుడు పైన్ చెట్ల మీదకు వచ్చాడు. నిన్న వాణ్ణి కాళ్ళూ చేతులూ కట్టేసైనా నాలుగు కొమ్ములు వెయ్యాల్సిందని తనను తానే తిట్టుకుంటూ నిలబడింది. అప్పుడు నీళ్ళ మీదుగా ఈవరి గొంతు వినిపించింది. అతను అంత గట్టిగా మాట్లాడగలడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"లోవీసా, మీవాడు నా దగ్గరున్నాడు."

"ఎలా ఉన్నాడు?" అని కేకేసింది ఆమె.

"గంజి మారు వడ్డించుకున్నాడు."

ఆ వెనకే ఇంకో గొంతు. "అక్కా, కోటలోకి మొదట వచ్చింది నేనే."

"ఆఖరున వచ్చిందీ నువ్వేరా తాహ్వో," అని నూత్తి కేకేశాడు.

ఒడ్డు ఒడ్డంతా పగలబడి నవ్వింది. గాట్లు నొప్పెట్టి అమ్మా అంటూ మళ్ళీ నవ్వారు. కోట గోడ మీద రష్యన్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. లోవీస నవ్వుతూ ఏడుస్తూ మెట్టు మీద చతికిలబడింది. నూత్తి వాణ్ణి పేరు పెట్టి పిలిచాడన్నది ఆమె తప్ప ఎవరూ గమనించలేదు.

దొర పైవాళ్ళకు ప్రవాహం వల్ల పథకం చెడిందని చెప్పుకున్నాడు. అది అబద్ధం కూడా కాదు. రెండోసారి కోట మీదకు పోదామంటే కుళ్ళునెల వచ్చేసింది, గాట్లు మానలేదు, ఊళ్ళో గడ్డి ముదురుతోంది. పెద్ద పెద్ద సేనాధిపతుల మధ్య కూడా ఏదో తేడా వచ్చిందట. ఆగస్టు పోయేలోపల దండు వచ్చిన బాటనే వెనక్కి పోయింది. నూత్తి వెళ్ళే ముందు వచ్చి, వీపు ఇప్పుడు తేలిగ్గా ఉందని చెప్పి వెళ్ళాడు.

ఆ తర్వాత లోవీస బతుకు ఎలా గడిచిందో ఇక్కడే చెప్పుకుంటే మంచిది, పెళ్ళి దగ్గర ఆగవచ్చు. ఆమె చాలాకాలం బతికింది. ఇద్దరు కవల ఆడపిల్లలు పుట్టారు, ఇద్దరికీ తండ్రి నెమ్మది, తల్లి చెయ్యి వచ్చాయి. రష్యన్ సిపాయిలు కూడా శనివారాలు ఆమె సౌనాకు రావడం మొదలుపెట్టారు. వాళ్ళ వీపుల మీదా ఆమె గాట్లే. ముసలితనంలో పళ్ళు ఊడి కొమ్ము లాగడం చేతకాకపోయినా, బల్ల పక్కన కూర్చుని కూతుళ్ళకు తప్పులు పట్టేది. ఈవరి చివరిదాకా ఆమె చేతికింద గురక పెట్టాడు. ఆమె పోయినప్పుడు రెండు రాజ్యాల నుంచీ పడవలు వచ్చాయి.

పెళ్ళి సెప్టెంబరులో. మూడో ప్రకటన చదవడం అయింది, బీరు కాచడం అయింది. అడ్డం వచ్చింది ఒక్కటే. వధువు చెయ్యి వరుడి చేతిలో పెట్టవలసింది ఆమె వైపు మగవాడు. ఉన్న ఒక్క మగవాడూ కోటలో ఖైదీ. పైగా వారంలో ఖైదీల మార్పిడి ఉంది. వాణ్ణి అవతలి రాజ్యానికి పంపేస్తారు, యుద్ధం ముగిసేదాకా ఇటు అడుగు పెట్టనని ఒట్టు వేయించుకుంటారు. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో ఎవరికి తెలుసు? వేరే ఎవరినైనా నిలబెట్టుకోమని నలుగురూ చెప్పారు. లోవీస వినలేదు. ఖైదీ బయటికి రాకూడదు సరే, పెళ్ళికూతురు లోపలికి రాకూడదని ఎక్కడుంది అని అడిగింది. ఆ ప్రశ్న ఈవరి ద్వారా కోట అధికారి దాకా పోయింది. ఆయన ముసలాయన, కీళ్ళనొప్పుల మనిషి. రెండు రోజులు ఆలోచించి, సరేనన్నాడు.

ఆ పొద్దున ఊరి పడవలన్నీ ఎగువకు పోయి, ప్రవాహానికి అడ్డంగా తెడ్లు వేశాయి. ఎవరి వీపు మీదా పచ్చిగాటు లేదు. ముందు పడవలో తగరపు పెళ్ళికిరీటం పెట్టుకుని లోవీస, పక్కన పాదిరీగారు, వెనక పడవల్లో బీరు పీపాలు, చేపలు కూరి కాల్చిన రై రొట్టెలు, ఫిడేలువాడు. పడవలు ఒక్క జానెడు కూడా పక్కకు పోకుండా నీటివాకిలికి తగిలాయి. తలుపులు తెరుచుకున్నాయి.

కోట ముంగిట రాళ్ళ మీద తాహ్వో నిలబడి ఉన్నాడు. ఆ సార్జెంటు అరువిచ్చిన పచ్చకోటు వాడి భుజాల దగ్గర బిగిసిపోయింది. జుట్టు నీళ్ళతో అణిచి దువ్వుకున్నాడు. పాదిరీగారు చదవవలసింది చదివి, ఈమెను అప్పగించేది ఎవరని అడిగారు. నేను, తాహ్వోను, అని వాడు ముందుకొచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఈవరి తన చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది, వీడు వదలడం లేదు. ఫిడేలువాడు దగ్గాడు. కోట అధికారి బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చుకున్నాడు. లోవీస తల ఎత్తి తమ్ముడి మొహం చూసింది.

"వదలరా," అంది మెల్లగా. కాని తన వేళ్ళు కూడా వదల్లేదు.

తాహ్వో ఈవరి వంక తిరిగాడు.

"కాస్త ఉండు బావా. రేపట్నుంచి రోజూ పట్టుకునేది నువ్వే కదా."

ఈవరి చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, తొందరా పెట్టలేదు. పాదిరీగారు పుస్తకంలో వేలు ఉంచుకుని, ఎంతసేపైనా పరవాలేదన్నట్టు నిలబడ్డారు.